విక్టరీ కాలనీ పూర్వరూపం

సన్యాసిరావు తుంటి ఎముక విరిగింది మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో. ఆ దారి గురించి ముందు చెప్పాలి.

సాగరపాలెంలో విక్టరీ కాలనీ రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కట్టింది. బర్మా అడవుల నుంచీ, ఈజిప్టు ఎడారి నుంచీ తిరిగొచ్చిన సిపాయిలకి ఇళ్ళివ్వాలని అప్పటి సర్కారువారు తలపెట్టారు. ఆ ఇళ్ళకి నమూనా గీసిన దొర ఎవరో గాని, సిపాయన్నవాడికి వరసలో నిలబడడం అలవాటే కాబట్టి ఇళ్ళని కూడా వరసలోనే నిలబెట్టాడు. అన్నిటికీ ఒకే కమాను వసారా, ఒకే మంగుళూరు పెంకుల కప్పు, ఒకే నడుమెత్తు ప్రహరీ, వీధి తలుపు పక్కన ఒకే గుండ్రటి కిటికీ. గృహప్రవేశాలైన కొత్తలో కొందరు సిపాయిలు కల్లుపాక నుంచి తిన్నగా పక్కింట్లోకి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, భోంచేసి, వంట బాగులేదని తిట్టి పడుకున్నారని చెబుతారు.

మరుగుదొడ్డి మాత్రం ఆ దొర ఇంటికి వీలైనంత దూరంగా, పెరటి చివరి గోడకి ఆనించి కట్టించాడు. మధ్యలో బావిగట్టు, దాని పక్కన బట్టలుతికే బండ, ఆపైన ఎప్పుడూ తడారని నాచు నేల. యుద్ధం చేసొచ్చినవాడికి ఇదొక లెక్కా అనుకుని ఉంటాడు.

సన్యాసిరావు యుద్ధం చెయ్యలేదు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగంలో ఉండి కూడా జీవితంలో గొంతు పెంచని మనిషి. చిల్లర ఇవ్వనివాళ్ళని కూడా "బాబూ, కొంచెం చూడండి" అనేవాడు. ఆ యింటిని అతని తండ్రి ఒక హవల్దారు వారసుల దగ్గర కొన్నాడు. కాలనీలో మిగతావాళ్ళు వసారాలు మూసి గదులు చేసుకున్నారు, పెంకులు దించి స్లాబులు వేసుకున్నారు, గోడలకి చిలకపచ్చా గులాబీ రంగులూ కొట్టించుకున్నారు. సన్యాసిరావు ఏమీ చెయ్యలేదు. ఉన్నది బాగానే ఉంది కదా అనేవాడు. శ్రావణమాసపు ముసురులో నాచు మీద జారి పడి తుంటి విరిగేదాకా అదే మాట మీద ఉన్నాడు.

ఆసుపత్రి నుంచి నాలుక్కాళ్ళ వాకర్ పట్టుకుని ఇంటికొచ్చాక భార్య వరహాలమ్మ అతన్ని ఏమీ అడగలేదు. నడిమింటి పక్కనున్న కొట్టుగదిలోంచి బియ్యం డబ్బాలూ, పాత ట్రంకుపెట్టెలూ తీయించేసింది. తాపీమేస్త్రిని పిలిచింది. "ఇక్కడ బాత్రూము కట్టాలి. ఆయన మంచం దిగి చెయ్యి చాపితే తలుపు అందాలి," అంది. సిమెంటు వచ్చింది, ఇటికలు వచ్చాయి, తెల్లగా మెరిసిపోతూ కూర్చునే రకం కమోడు వచ్చింది. దాన్ని వసారాలో దింపి ఆటోవాడు వెళ్ళిపోయాడు. మేస్త్రి గోడకి మొదటి దెబ్బ వెయ్యడానికి సమ్మెట ఎత్తాడు. సరిగ్గా అప్పుడు వీధిలో జీపు ఆగింది.

జీపులోంచి దిగినాయన పేరు చక్రధరరావు. పూర్వరూప పరిరక్షణ విభాగంలో ప్రత్యేకాధికారి. మెడలో శాలువా, చేతిలో భూతద్దం. ఆయన ముందు గుండ్రటి కిటికీని చూసి కళ్ళు మూసుకున్నాడు. కమాను చూసి దీర్ఘంగా ఊపిరి తీశాడు. తరవాత కమోడు చూశాడు.

"ఇది ఏమిటమ్మా?"

"కమోడు బాబూ."

"అది తెలుస్తున్నది. ఇచ్చట ఎందుకున్నది?"

"ఇంకా లోపల పెట్టలేదు బాబూ," అంది వరహాలమ్మ.

చక్రధరరావు గొంతు సవరించుకున్నాడు. "ఈ ప్రాంతము నేటి ఉదయము నుండి రక్షిత నివాస సముదాయముగా ప్రకటింపబడినది. యుద్ధానంతర గృహనిర్మాణ శైలికి ఈ రాష్ట్రములో మిగిలిన ఏకైక సజీవ నిదర్శనము ఇదే. కావున ఇందు పూర్వరూపమునకు భంగము కలిగించు ఏ మార్పునూ, ఏ చేర్పునూ అనుమతింపజాలము."

"అంటే ఏటి బాబూ?"

"అంటే మేస్త్రి ఇంటికి వెళ్ళవచ్చును."

మేస్త్రి సమ్మెట దించాడు. ఇక కమోడు సంగతి తేలలేదు. లోపల పెట్టడానికి వీల్లేదు, అది చేర్పు అవుతుంది. బయటికి పంపడానికీ వీల్లేదు, అది అపరాధానికి సాక్ష్యం. చక్రధరరావు కాసేపు ఆలోచించి, యథాస్థానంలో యథాస్థితిలో ఉంచమని ఆజ్ఞాపించి, దాని మీద తెల్లగుడ్డ కప్పించి, తాడు కట్టించి, లక్క సీలు వేయించాడు.

మర్నాడు వీధిన పోయే పెద్దమనిషి ఒకాయన దాన్ని చూసి, ఎవరిదో విగ్రహం ఆవిష్కరణకి సిద్ధంగా ఉందనుకుని చెప్పులు విప్పి దండం పెట్టాడు. ఆ సాయంత్రానికి ఎవరో బంతిపూల దండ వేశారు. వరహాలమ్మ తీసెయ్యబోతే, సీలు వేసిన వస్తువు మీద చెయ్యి వెయ్యకూడదని విభాగం వారు పెట్టిన కాపలా జవాను అడ్డుపడ్డాడు.

*

ఆ వారంలో కాలనీ వాళ్ళందరినీ గ్రంథాలయం ముందు సమావేశపరిచారు. చక్రధరరావు కుర్చీ వేసుకోకుండా నిలబడే మాట్లాడాడు.

"ఒక ఇల్లు పోయిన మరొకటి కట్టవచ్చును. కాని ఒక కాలనీకి క్యారెక్టర్ పోయినచో తిరిగి రాదు. విచారముతో చెప్పుచున్నాను, మీ కాలనీ క్యారెక్టర్ దెబ్బతిన్నది."

జనంలో గుసగుస బయల్దేరింది. వరహాలమ్మ పక్కింటి నూకరత్నం లేచి నిలబడింది. వాళ్ళిద్దరూ వదినా వదినా అని పిలుచుకుంటారు గాని చుట్టరికం లేదు. గోడ మీద నుంచి కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడమే చుట్టరికం.

"బాబుగారూ, అలా ఎవరు చెప్పేరు మీకు?" అంది నూకరత్నం. "మా కాలనీలో అలాటోళ్ళు ఎవరూ లేరు. మూడో వరసలో ఒక కుర్రాడి మీద ఏదో మాటొచ్చింది గాని, తరవాత వాళ్ళు పెళ్ళి చేసీసుకున్నారు."

చక్రధరరావు ఓపిగ్గా విడమరిచాడు. క్యారెక్టరంటే గోడల క్యారెక్టర్, కమానుల క్యారెక్టర్, వీటన్నిటి మధ్య పూర్వం సాగిన జీవన సరళి క్యారెక్టర్. కట్టడాన్ని కాపాడి జీవితాన్ని వదిలేస్తే శవానికి పట్టుచీర కట్టినట్టవుతుందని ఆయన అభిప్రాయం. అందుచేత ఇళ్ళతోపాటు ఇళ్ళలో మనుషుల్ని కూడా పూర్వరూపానికి తేవాలని విభాగం నిశ్చయించింది.

"పూర్వం ఎలాగుండీదో ఎవరికి తెల్సు బాబూ?" అని ఎవరో అడిగారు.

"అందునకే ప్రత్యక్షసాక్షి కావలెను," అన్నాడు చక్రధరరావు.

అందరూ నూకరత్నం వైపు తిరిగారు. ఎందుకంటే నూకరత్నం అత్తగారు బంగారమ్మ తొంభై దాటిన మనిషి. కాలనీ కట్టిన కొత్తల్లో పసుపు బట్టలతో కాపురానికొచ్చి, ఆ వీధి దాటి ఎక్కడికీ వెళ్ళకుండా ఉండిపోయింది. చూపు కొంచెం మందగించింది గాని జ్ఞాపకం మాత్రం నిన్నటి కూరంత తాజాగా ఉంది. ఇన్నాళ్ళూ ఆమె చెప్పేది వినేవాళ్ళు లేక, చుట్ట కాల్చుకుంటూ వసారాలో కూర్చునేది.

ఇప్పుడు వినడానికి ఒక ప్రభుత్వ విభాగం వచ్చింది.

"గోడలు ఏ రంగున ఉండెడివి అమ్మా?"

"ముక్కుపొడి రంగు బాబూ. మరి మిలట్రీ వాళ్ళ దగ్గర మిగిలిపోయిన రంగదే."

వారం తిరక్కుండా చిలకపచ్చలూ గులాబీలూ అన్నీ ముక్కుపొడి రంగైపోయాయి. తమ ఇల్లేదో పోల్చుకోలేక కొందరు మళ్ళీ పక్కిళ్ళలోకి వెళ్ళడం మొదలెట్టారు. ఇది పూర్వరూపం దానంతటదే తిరిగి రావడమని చక్రధరరావు పొంగిపోయాడు.

"వీధిలో ఏమి ఉండెడిది?"

"ఏటుంటాయి. గేదెలు. ఎక్కడ చూసినా గేదెలే. నడవడానికి దారుండీది కాదు."

విభాగం వారు గేదెల్ని కొని తెచ్చి వీధిలో వదిలారు. వాటి చెవులకి వారసత్వ పశువులని బిళ్ళలు కట్టారు. వారసత్వ పశువుని అదిలించడం నేరం కాబట్టి, బజారుకి వెళ్ళాలన్నవాళ్ళు అవి లేచేదాకా ఆగేవాళ్ళు. వాటిలో ఒకటి వరహాలమ్మ వసారా ఎక్కి కమోడు మీదున్న బంతిపూల దండ తినేసి, దాన్నానుకుని పడుకుంది.

"హవల్దారు గారింట్లో విశేషములు?"

ఆ ఇల్లే ఇప్పుడు సన్యాసిరావుది. బంగారమ్మ నవ్వింది. "గంగులు హవల్దారా? రోజూ పొద్దుగూకే ముందు వసారాలో నిలబడి, మీసం మెలేసి, వీధి వైపు చూసి 'ఎవడ్రా అక్కడ' అని కేకేసీవాడు. అక్కడ ఎవడూ ఉండీవాడు కాదు. అలా ఓ కేకేస్తే గాని ఆడికి అన్నం సయించీది కాదు."

సన్యాసిరావుకి మీసం పెంచమని ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం కేక తప్పనిసరి. మొదటి రోజు అతను వాకర్ పట్టుకుని వసారాలోకొచ్చి, వీధి వైపు చూసి, "ఎవరు బాబూ అక్కడ," అన్నాడు. వీధిలో నిజంగానే ఒకతను ఆగి తన పేరూ ఊరూ చెప్పుకున్నాడు. చక్రధరరావు తల అడ్డంగా ఊపాడు. రెండో రోజు సన్యాసిరావు గట్టిగా ఊపిరి పీల్చి, తనకి చేతనైన ఒకే ఒక్క కేక వేశాడు.

"రైట్ రైట్."

పడుకున్న గేదెలన్నీ లేచి నడిచాయి. అది హవల్దారు భాష కాకపోయినా ఆజ్ఞాగుణం ఉన్నదని తాత్కాలికంగా ఆమోదించారు.

*

కుళాయి దగ్గరకొచ్చేసరికి వ్యవహారం ముదిరింది.

ఆ రోజుల్లో కాలనీ మొత్తానికి ఒకటే వీధి కుళాయని బంగారమ్మ చెప్పింది. అందుకని పొద్దుటి పూట ఇళ్ళలో నీళ్ళు కట్టేసి, వీధి చివర ఇత్తడి కుళాయి పెట్టారు. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి వరసలో నిలబడ్డారు. చక్రధరరావు చూసి, ఏదో వెలితిగా ఉందన్నాడు.

"కొట్లాట లేదు కదా బాబూ," అంది బంగారమ్మ. "కొట్లాట లేకుండా కుళాయేటి? హవల్దారు పెళ్ళానికీ మా అత్తకీ రోజూ పడీది. ఊరంతా చూడ్డానికొచ్చీది."

హవల్దారు ఇల్లంటే వరహాలమ్మ. బంగారమ్మ అత్త ఇల్లంటే నూకరత్నం. ఇద్దరూ రోజూ పొద్దున్న కుళాయి దగ్గర కొట్లాడాలని నిర్ణయమైంది.

"మేం ఎప్పుడూ మాటామాటా అనుకోలేదు బాబూ," అంది వరహాలమ్మ.

"సాధనమున సమకూరును," అన్నాడు చక్రధరరావు.

మొదట్లో ఇద్దరూ నవ్వాపుకుంటూ తిట్టుకునేవాళ్ళు. ముందు నేనొచ్చేనంటే నేనొచ్చేనని అనుకుని, బిందెలు తాకించుకుని, ఇంటికెళ్ళాక గోడ మీంచి చారుగిన్నె అందించుకునేవాళ్ళు. కానీ రోజూ అదే తిట్టు ఎన్నాళ్ళు తిడతారు. చక్రధరరావు నిలబడి, వైవిధ్యము, వైవిధ్యము అని గుర్తుచేస్తుండేవాడు. ఒక పొద్దున్న మాటలు దొరక్క నూకరత్నం, "నువ్వు మహా గొప్పదానివిలే. వసారాలో కమోడు పెట్టుకుని ఊరి చేత దండాలు పెట్టించుకుంటన్నావు," అనేసింది.

వరహాలమ్మ మొహం ఎర్రబడింది. ఆ కమోడు ఆమెకి నవ్వులాట కాదు. "నీ చారులో కన్నా ఈ కుళాయి నీళ్ళలో చింతపండు ఎక్కువ," అంది. "ఇన్నేళ్ళూ నోరు మూసుకు తాగేను. నా మంచితనం."

నూకరత్నం బిందె ఎత్తుకోకుండానే వెళ్ళిపోయింది. చక్రధరరావు ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఇంతటి సహజత్వము తన సర్వీసులో ఎరగనన్నాడు.

ఆ రోజు నుంచి గోడ మీద గిన్నెలు కదల్లేదు.

*

ఇదంతా ఒక ఎత్తు. సన్యాసిరావు నీళ్ళు తాగడం మానేసిన సంగతి ఒక ఎత్తు.

అది వరహాలమ్మకి వెంటనే తెలియలేదు. మంచం పక్కన పెట్టిన చెంబు ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటోంది. మజ్జిగ ఇస్తే తరవాత అంటున్నాడు. కాఫీ సగం తాగి ఉంచేస్తున్నాడు. పెదాలు ఎండిపోతున్నాయి.

"ఏవండీ, నీళ్ళెందుకు తాగడం లేదు?"

"దాహం వెయ్యడం లేదే."

"ఇంత ఉక్కపోతలో దాహం వెయ్యకపోవడమేటి?"

సన్యాసిరావు కిటికీలోంచి పెరటి వైపు చూశాడు. ముసురు పడుతూనే ఉంది. బావిగట్టు పక్కన నాచు పచ్చగా నిగనిగలాడుతోంది. "తాగితే మళ్ళీ వెళ్ళాలి కదా," అన్నాడు మెల్లగా. "నువ్వు పట్టుకుని తీసుకెళ్తావు. నువ్వు జారితే మనిద్దర్నీ ఎవరు చూస్తారు?"

వరహాలమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గ్రంథాలయంలో మకాం పెట్టిన చక్రధరరావు దగ్గరకి వెళ్ళింది.

ఆయన అంతా విన్నాడు. చలించాడు కూడా. శాలువా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైనది. కాని ఒక్క సంగతి ఆలోచింపుడు. ఈ రూపకల్పన యందలి సౌందర్యమంతయు ఎచ్చట ఉన్నది? గృహమునకును మరుగుదొడ్డికిని మధ్యనున్న ఆ దూరమునందు ఉన్నది. ఆ నడకయే ఈ కాలనీకి ప్రాణము. దానిని తొలగించిన మిగులునది ఏమి? కేవలము ఇల్లు."

"మాకు ఇల్లే కావాలి బాబూ."

"అదియే సామాన్యులతో వచ్చిన చిక్కు," అన్నాడు చక్రధరరావు, చాలా మర్యాదగా.

"పోనీ, అప్పట్లో ఎవరింట్లోనైనా లోపల బాత్రూము ఉండీదనుకోండి. అప్పుడు?"

"ఉండినచో అది పూర్వరూపమే. పూర్వరూపమునకు నేను శిరసు వంచుదును. బంగారమ్మ గారు ఒక్క మాట చెప్పిన చాలును."

వరహాలమ్మ అటునుంచి అటే పక్కింటికి వెళ్ళింది. కొట్లాట తరవాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. నూకరత్నం బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. వరహాలమ్మ తిన్నగా బంగారమ్మ ముందు కూర్చుని సంగతంతా చెప్పింది. "అత్తా, లోపల బాత్రూము ఉండీదని ఒక్క మాట చెప్పవా? నీకు పుణ్యముంటాది."

బంగారమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "లేనిది ఉందని ఎలా చెప్తానే? ఇన్నాళ్ళకి నా మాటకో విలువొచ్చింది. అబద్ధం ఆడితే నేను చెప్పిన నిజాలు కూడా పోతాయి."

వరహాలమ్మ లేవబోయింది. నూకరత్నం బియ్యం చాట పక్కన పెట్టింది.

"అన్నయ్య నిజంగా నీళ్ళు మానేసేడా వదినా?"

వరహాలమ్మ తలూపింది. అంతే. నూకరత్నం లేచి వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ కాసేపు కళ్ళు తుడుచుకున్నారు. తరవాత నూకరత్నం, "చారులో చింతపండు తక్కువన్నది నిజమేనా?" అని అడిగింది. వరహాలమ్మ, "కొంచెం," అంది. ఆ వ్యవహారం అంతటితో సరిపోయింది.

"ఐతే అత్తా," అంది నూకరత్నం, "ఆ రోజుల్లో ఇంత ఇబ్బంది పడీవాళ్ళు కదా. సర్కారోళ్ళని ఎవరూ ఏటీ అనీవాళ్ళు కాదా?"

"ఎందుకనరు?" అంది బంగారమ్మ. "ఆళ్ళు జపానోళ్ళతో కొట్లాడొచ్చినోళ్ళు. ఊరుకుంటారేటి? మొదట్లో ఈ కుళాయి మాత్రం ఉందా? లేదు. ఇంజినీరు రేపిస్తాను మాపిస్తానని తిప్పీవాడు. గంగులు హవల్దారు ఓ రోజు ఆడిని కాఫీకి పిలిచి, లోపల కూర్చోబెట్టి, బయట తాళమేసీసేడు. పైపు వచ్చేదాకా తియ్యలేదు. చెయ్యి చేసుకోలేదు, ఒక్క మాట తూలలేదు. పులిహోర పెట్టేరు, మజ్జిగిచ్చేరు, చుట్టలిచ్చేరు. తాళం మాత్రం తియ్యలేదు. మర్నాటికి పైపొచ్చీసింది."

వరహాలమ్మ, నూకరత్నం మొహమొహాలు చూసుకున్నారు.

"ఇది జరిగిందే కదా అత్తా? అబద్ధం కాదు కదా?"

"నా చేత్తో పులిహోర కలిపేను," అంది బంగారమ్మ కొంచెం నొచ్చుకుని.

"ఐతే ఈ ముక్క ఆయనతో చెప్పు."

*

చక్రధరరావు ఈ వృత్తాంతం విని కుర్చీలోంచి లేచాడు. "ఇన్నాళ్ళు గోడలను చూచితిమి. నేడు ఆత్మను చూచితిమి," అన్నాడు. పైపు సాధన నిర్బంధాన్ని పూర్వరూప కార్యక్రమాల్లో ప్రధానమైనదిగా ప్రకటించాడు. పూర్వం ఎలా జరిగిందో అచ్చం అలాగే, ఎటువంటి సడలింపూ లేకుండా జరిపించాలనీ, మధ్యలో ఎవరు అడ్డుకున్నా కఠినచర్య తప్పదనీ స్వయంగా సంతకం చేసి ఉత్తర్వు ఇచ్చాడు. ఇంజినీరు వేషం ఎవరికివ్వాలని సిబ్బంది అడిగితే, అంతటి గురుతర బాధ్యత మరొకరికి అప్పగించలేనన్నాడు.

కార్యక్రమం నాడు ఆయన ఖాకీ నిక్కరు వేసుకుని, తలమీద టోపీ పెట్టుకుని వచ్చాడు. పత్రికలవాళ్ళు ఫొటోలు తీశారు. వరహాలమ్మ గుమ్మంలో నిలబడి, "రండి బాబూ, కాఫీ తాగి వెళ్దురు గాని," అంది. చక్రధరరావు తల వంచి లోపలికి నడిచాడు. వెనకాల తలుపు మూసుకుంది. పెద్ద తాళం పడింది. తాళంచెవి బంగారమ్మ బొడ్లో దోపుకుంది. చక్రధరరావు గుండ్రటి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టి భోజనాలకి వెళ్ళిపోయారు.

లోపల సన్యాసిరావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇంటికి ప్రభుత్వాధికారి వచ్చినందుకు అతను మొహమాటపడి, ఫ్యాను తన వైపు నుంచి ఆయన వైపు తిప్పాడు. వరహాలమ్మ కాఫీ ఇచ్చింది. తరవాత పులిహోర పెట్టింది. ఆవపెట్టిన పులిహోర కొంచెం కారంగా ఉండడంతో చక్రధరరావు మజ్జిగ రెండుసార్లు అడిగి తాగాడు. ఆపైన చెంబుడు నీళ్ళు తాగాడు. మళ్ళీ కాఫీ ఇస్తే కాదనలేదు.

"చాలా బాగుగా జరిగినది," అన్నాడు చివరికి. "ఇక తలుపు తీయించండి."

"అప్పుడు తియ్యలేదట బాబూ," అంది వరహాలమ్మ.

"అది అప్పుడు."

"అచ్చం అప్పటిలాగే జరగాలని మీరే కదా బాబూ చెప్పేరు."

చక్రధరరావు కిటికీ దగ్గరకి వెళ్ళి సిబ్బందిని పిలిచాడు. హెడ్ గుమాస్తా పరుగున వచ్చాడు గాని, ఉత్తర్వు తీసి అదే కిటికీలోంచి చూపించాడు. "మధ్యలో అడ్డుకుంటే కఠినచర్య అని ఉంది సార్. తమరి సంతకమే," అన్నాడు. చక్రధరరావు దాన్ని చదివాడు. లోపమేమీ కనిపించలేదు. బాగా రాసిన ఉత్తర్వు.

కాసేపటికి ఆయన కుర్చీలో ఒక పక్కకి ఒరిగాడు. తరవాత ఇంకో పక్కకి ఒరిగాడు. లేచి నడిచాడు. కూర్చున్నాడు.

"అమ్మా, ఇచ్చట..." అని ఆగాడు.

"ఇచ్చట లేదు బాబూ," అంది వరహాలమ్మ. "పెరట్లో ఉంది."

పెరటి తలుపు తీసింది. వాన దంచి కొడుతోంది. బావి, బండ, నాచు, ఆ చివర మరుగుదొడ్డి, దాని గుమ్మానికి అడ్డంగా ఒక వారసత్వ పశువు. చక్రధరరావు ఆ దూరాన్ని చూశాడు. దాని సౌందర్యం గురించి ఆయన ఏమీ అనలేదు.

సన్యాసిరావు మంచం దిగి, గోడ పట్టుకుని నిలబడి, తన వాకర్ ముందుకి తోశాడు. "ఇది పట్టుకోండి సార్. బండ దాటేక ఎడమ కాలు ముందు పెట్టండి. నేను కుడి కాలు పెట్టే పడ్డాను." ఆ తరవాత గేదె వైపు చూసి, "రైట్ రైట్," అన్నాడు. గేదె లేచింది.

చక్రధరరావు వాకర్ పట్టుకుని వెళ్ళాడు. వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. రావడానికి ఇంకా ఎక్కువ పట్టింది. బండ దగ్గర ఒకసారి కూర్చుండిపోయాడు కూడా. వచ్చాక టోపీ లేదు, నిక్కరు ఆకుపచ్చగా ఉంది. సన్యాసిరావు తన పంచె ఒకటి ఇచ్చి, తువ్వాలు ఇచ్చి, మంచం మీద చోటిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వరహాలమ్మ నీళ్ళ చెంబు తెచ్చి పెట్టింది.

"వద్దమ్మా," అన్నాడు చక్రధరరావు. "తాగితే మళ్ళీ వెళ్ళవలెను."

సన్యాసిరావు ఆయన వైపు చూసి తలూపాడు.

చీకటి పడకముందే చక్రధరరావు కాగితం అడిగాడు. నియమాన్ని తప్పడం ఆయన వల్ల కాదు. అందుకని దాని వెంటే నడిచి అవతలి గట్టుకి చేరుతూ ఉత్తర్వు రాశాడు. పూర్వం ఇంజినీరును నిర్బంధించడం వల్ల పైపు వచ్చింది. ఆ పైపు పూర్వరూపంలో భాగమని విభాగం ఇదివరకే ఒప్పుకుంది. కావున ఈ కాలనీలో ప్రభుత్వాధికారిని నిర్బంధించి సాధించుకున్న ఏ సౌకర్యమైనా పూర్వరూపమే అగును. బంగారమ్మ ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని విని, బొడ్లోంచి తాళంచెవి తీసింది.

వసారాలో కమోడు సీలు వూడదీశారు. మేస్త్రి మళ్ళీ వచ్చాడు. కొట్టుగదిలో బాత్రూము లేచింది. అది పూర్తయిన రోజు సన్యాసిరావు పెద్ద చెంబుతో నీళ్ళు తాగాడు. తాగి ఇంకో చెంబు అడిగాడు. వరహాలమ్మ ఇస్తూ, మొహం అటు తిప్పుకుంది.

చక్రధరరావు బదిలీ అడిగి, ఎడారి ప్రాంతమైనా పరవాలేదని రాసి, వెళ్ళిపోయాడు. కాని ఆయన ఉత్తర్వు ఉండిపోయింది. కాలనీలో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి కావాలి. ఒకరికి మోటారు, ఒకరికి మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ, ఒకరికి వంటింట్లో వెలుతురొచ్చే కిటికీ. అందరూ పులిహోర కలుపుకుని అధికారుల కోసం ఎదురుచూడడం మొదలెట్టారు. విభాగంలో ఈ సంగతి అందరికీ తెలిసిపోయింది.

ఆ వర్షాకాలం వెళ్ళకముందే కొత్త ప్రత్యేకాధికారిణి జీపు దిగింది. పేరు హైమవతి. కుర్ర మనిషి. ఒక చేతిలో పరుపు చుట్ట, ఇంకో చేతిలో బట్టల సంచీ, భుజానికి నీళ్ళ సీసా. వీధిలో గేదెల మధ్య దారి చూసుకుంటూ నూకరత్నం వసారా దగ్గర ఆగింది.

"నమస్కారమండీ. నన్ను తాళం వేసేది ఏ ఇంట్లో?"

"ఇదేనమ్మా, మా ఇంట్లోనే. రండి, కాఫీ పెట్టేను," అంది నూకరత్నం, సామాను అందుకుంటూ.

హైమవతి గుమ్మం ముందు ఒక్క క్షణం తటపటాయించింది. "ఏమీ అనుకోకండి. ఈ ఇంట్లో బాత్రూము లోపలే ఉందా?"

"ఇంకా లేదమ్మా," అంది నూకరత్నం. "దానికోసమే మిమ్మల్ని పెడతన్నాం."